రేడియో హెలికాప్టరుకు రెక్కలు – ఏ పదార్థంతో?

విద్యార్థి సంఘం మిత్రులు ఈ ఏటి సావనీరుకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని నా గదికి వచ్చి కూర్చున్నప్పుడు నేను తప్పించుకోవాలనే చూశాను. పాత సంచికలు తిరగేస్తే మన సీనియర్లు అణుశక్తి మీద, అంతరిక్షం మీద, కంప్యూటర్ల మీద గంభీరమైన వ్యాసాలు రాసి ఉన్నారు. నాకు తెలిసింది అంత గొప్పది కాదు. ఒక బుల్లి హెలికాప్టరు, దానికి రెండు రెక్కలు, ఆ రెక్కలను ఏ పదార్థంతో చేయాలన్న ప్రశ్న, అంతే. అయితే దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చేతితో చేసి, చెడగొట్టి, ఒకనాడు మా ఇంట్లో ఒక పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చి నేర్చుకున్నాను. అందుకే రాస్తున్నాను.

మాది చౌటుప్పల్. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద (పెద్దలు ఇప్పటికీ 9వ నంబరనే అంటారు) సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా. రాళ్ల గుట్టలు, తాటిచెట్లు, వానకాలం పత్తి, ఎండాకాలం వడగాలి. మా చిన్నతనంలో తాటాకును చీల్చి, మడిచి, తుమ్మముల్లుతో జొన్నబెండుకు గుచ్చి గాలికి ఎదురుగా ఉరికేవాళ్లం. అది గిర్రున తిరుగుతుంటే అదే మాకు విమానం. పదార్థాల ఎంపిక అనే పాఠం నిజానికి అక్కడే మొదలైంది. ఎండిపోయిన తాటాకు పెళుసుగా విరిగేది, లేత తాటాకు వంగిపోయేది. నడిమి ఆకే పనికి వచ్చేది. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, "గంతే" అనేవాళ్లు.

ఇంజనీరింగు రెండో సంవత్సరంలో నలుగురం మిత్రులం తలా కొంత వేసుకొని ఒక పాత రేడియో కంట్రోల్ హెలికాప్టరు కొన్నాం. ఈ అభిరుచిలో దాన్ని 450 తరగతి అంటారు. రోటరు వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు ముప్పావు కేజీ. మోటారు కరెంటుది. ఒక్కో రెక్క పొడవు 325 మిల్లీమీటర్లు. వారం తిరక్కుండానే దాన్ని నేలకు కొట్టి రెండు కార్బన్ రెక్కలూ విరగ్గొట్టాం. కొత్త జత కొనడానికి డబ్బు లేదు. వేసవి సెలవులకు నేను దాన్ని చౌటుప్పల్ తీసుకుపోయాను.

అక్కడ మా ఇంటి వెనుక వీధిలో ఒక వడ్ల తాత ఉన్నాడు. తలుపులు, గడపలు, ఒకప్పుడు నాగళ్లు చేసిన చెయ్యి. విరిగిన రెక్క చూపించి "తాతా, ఇట్లాంటిది చెక్కతో చేయొచ్చా?" అని అడిగాను. ఆయన దాన్ని వెలుగుకు పట్టి ఒక కన్ను మూసి చూసి, "చేయొచ్చు గని, ఇదేం తిప్పుతది బిడ్డా? ఫ్యాను లెక్కనా?" అన్నాడు. ఫ్యాను లాగే అని చెప్పాను. అది నేను చేసిన మొదటి తప్పు. ఇంటి సీలింగు ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లు తిరుగుతుంది. మా హెలికాప్టరు రోటరు నిమిషానికి 2,600 చుట్లు తిరుగుతుంది. ఏడెనిమిది రెట్ల వేగమంటే బలం కూడా ఏడెనిమిది రెట్లే అనుకుంటాం. కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది గనుక యాభై రెట్లు దాటుతుంది. ఇంటర్మీడియట్‌లో ఈ సూత్రాన్ని నేను ఎన్నిసార్లు రాసి మార్కులు తెచ్చుకున్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం గుర్తుకు రాలేదు.

తాత మంచి టేకు ముక్క తీసి, చిత్రిక పట్టి, విరిగిన రెక్కను నమూనాగా పెట్టుకొని రెండు రెక్కలు చెక్కిచ్చాడు. ఎంత నునుపుగా ఉన్నాయంటే, నేను రెండు రోజులు వాటిని జేబులో పెట్టుకొని తిరిగాను. తూకం వేస్తే ఒక్కోటి సుమారు 18 గ్రాములు. ఫ్యాక్టరీ కార్బన్ రెక్క 30 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. రెక్క బరువుగా ఉంటే రోటరు నిలకడగా తిరుగుతుందని ఎక్కడో చదివి, కొనలో చిన్న తొర్ర తొలిచి 6 గ్రాముల సీసం పోసి మూశాను. తొలిచే పని, బోల్టు రంధ్రం చేసే పని తాతకు ఇవ్వకుండా నేనే చేసుకున్నాను. గ్రిప్పు లోపలి గోడకు తగులుతున్నదని రెక్క మొదలును కొంచెం రాకి తగ్గించాను కూడా.

ఆ సాయంత్రం ఇంటి వెనుక దొడ్డిలో హెలికాప్టరును నేల మీద పెట్టి, ఎగరేయకుండా ఊరికే తిప్పి చూద్దామనుకున్నాను. మా పెద్దనాయన మనుమడు, ఆరేళ్లవాడు, గొడ్ల కొట్టం పక్కన నిలబడి చూస్తున్నాడు. వాణ్ని పొమ్మంటే రెండడుగులు వెనక్కి పోయి మళ్లీ మూడడుగులు ముందుకు వచ్చాడు. నేను రేడియో పుల్ల మెల్లగా పైకి నూకాను. మోత పెరిగింది. ఒక్కసారి ఠప్పుమన్నది. తర్వాత ఏమైందో నాకు కనబడలేదు. హెలికాప్టరు పక్కకు పడి నేలను కొట్టుకుంటున్నది, కొట్టం రేకుకు అర చెయ్యంత సొట్ట పడింది, రెక్క గడ్డివాములో గుచ్చుకొని ఉంది. సొట్ట పడ్డచోటికీ పిల్లవాడి చెవికీ మధ్య జానెడు దూరం. వాడు ఏడవలేదు, నవ్వాడు. పెద్దమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి ఉరికొచ్చి, వాణ్ని ఎత్తుకొని, "ఏందిర ఇది, చదువు చదువంటె ఇదేనార?" అన్నది. జవాబు చెప్పే మొహం నాకు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం తీసి లెక్క వేశాను. ముందే వేయవలసిన లెక్క అది. దాన్ని ఇక్కడ పూర్తిగా ఇస్తున్నాను, ఓపికతో చూడండి.

నిమిషానికి 2,600 చుట్లంటే కోణీయ వేగం సెకనుకు సుమారు 272 రేడియన్లు. దాని వర్గం 74 వేల పైచిలుకు. 18 గ్రాముల చెక్క గరిమనాభి రోటరు కేంద్రం నుంచి 195 మి.మీ. దూరంలో ఉంది. కొనలోని 6 గ్రాముల సీసం 335 మి.మీ. దూరంలో ఉంది. రెండింటి ద్రవ్యరాశి, వ్యాసార్ధాల లబ్ధాలను కూడి, ఆ వర్గంతో గుణిస్తే అపకేంద్ర బలం సుమారు 409 న్యూటన్లు వస్తుంది. అంటే 42 కేజీల బరువు వేలాడదీసినట్టు. 24 గ్రాముల రెక్క తన బోల్టును ఒక బియ్యం బస్తా అంత గట్టిగా లాగుతున్నదన్న మాట! 24 గ్రాముల్లో పావు వంతే ఉన్న సీసం ఈ బలంలో మూడో వంతు కంటే ఎక్కువ తెచ్చింది. కొనలో బరువు ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడండి.

ఇప్పుడు ఈ 42 కేజీలను ఆపవలసింది ఏది? టేకు బలహీనమైన చెక్క కాదు. నార వెంబడి లాగితే రెక్క నడుమ భాగంలో చదరపు మిల్లీమీటరుకు పడే బలం 5 న్యూటన్లు కూడా లేదు. దానికి ఎన్నో రెట్లు అది ఓర్చుకుంటుంది. కాని బోల్టు దగ్గర చెక్క చేసే పని వేరు. అక్కడ బోల్టు, తన వెనుక ఉన్న చెక్కను నార వెంబడి చీల్చుకొని బయటికి రావాలని చూస్తుంది. కట్టె పగలగొట్టే వాళ్లకు తెలుసు, నారకు అడ్డంగా గొడ్డలి వేస్తే దిగదు, నార వెంట వేస్తే ఒక్క దెబ్బకు రెండు చెక్కలవుతుంది. నేను రంధ్రం అంచు నుంచి రెక్క మొదలు దాకా వదిలింది 4 మి.మీ. చెక్క. మందం 4 మి.మీ. బోల్టుకు రెండు పక్కలా చీలాలి గనుక వైశాల్యం 4 × 4 × 2 = 32 చదరపు మి.మీ. 409ని 32తో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు సుమారు 12.8 న్యూటన్లు. బాగా ఎండిన, మచ్చలేని టేకు నార వెంబడి కోతకు తట్టుకొనే శక్తి సుమారు 13. పచ్చి టేకైతే 9. నేను డ్రిల్లుతో రంధ్రం చేసినప్పుడు కంటికి కనబడని చిన్న నెర్రె ఒక్కటి పడి ఉంటే చాలు. పూర్తి వేగానికి చేరకముందే అది చీలిపోయింది.

తాత పనిలో లోపం లేదు. టేకులో లోపం లేదు. బలం ఏ దిక్కున వస్తుందో చూడకుండా, పదార్థం పేరు చూసి ధైర్యం తెచ్చుకున్నవాడిది లోపం.

ఇంకొక సంగతి. రెక్క ఊడితే కేంద్రం నుంచి నేరుగా బయటికి పోతుందని చాలామంది అనుకుంటారు. మా కాలేజీలో కూడా కొందరిని అడిగి చూశాను, అదే చెప్పారు. పాతకాలంలో జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవాళ్లను అడగండి. తాడు వదిలిన క్షణంలో రాయి ఎటు పోతుందో వాళ్లకు తెలుసు, అది స్పర్శరేఖ వెంట పోతుంది. అందువల్ల రోటరు తిరిగే తలానికి సమంగా ఉన్న ప్రతి దిక్కూ ప్రమాదమే. ఎదురుగా నిలబడ్డా, పక్కన నిలబడ్డా ఒకటే. మన కంటి ఎత్తుకు రోటరు వచ్చినప్పుడు మరీ ప్రమాదం.

ఇక పదార్థాల సంగతికి వస్తాను.

పెద్ద హెలికాప్టర్ల చరిత్ర చూస్తే రెక్కలు మొదట చెక్కవే. 1946లో అమెరికాలో పౌర వినియోగానికి అనుమతి పొందిన బెల్ 47కు మొదట్లో చెక్క పొరలు అతికించి చేసిన రెక్కలు ఉండేవి. తర్వాత లోహం వచ్చింది. మన హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు తయారు చేసిన చేతక్‌కు లోహపు రెక్కలు. 1967లో మొదటిసారి ఎగిరిన జర్మనీ హెలికాప్టరు బీఓ 105 గాజునార రెక్కలతో వచ్చింది. 1992లో మొదటిసారి ఎగిరిన మన ధ్రువ్‌వి మిశ్రమ పదార్థపు రెక్కలు. బుల్లి హెలికాప్టర్లను 1970 ప్రాంతంలో జర్మన్ ఇంజనీరు డీటర్ ష్లూటర్ నిలకడగా ఎగిరేట్టు చేసి చూపాక ఆ అభిరుచి ప్రపంచమంతా పాకింది. అవి కూడా చెక్కతోనే మొదలై, గాజునారకు, కార్బన్‌కు వచ్చాయి. కాని మధ్యలో లోహం మెట్టు ఎక్కలేదు. పెద్ద హెలికాప్టరులో లోహపు రెక్క ఇన్ని గంటలకు మార్చాలని లెక్క ఉంటుంది, దానికి తనిఖీదారు ఉంటాడు. బొమ్మ హెలికాప్టరుకు ఎవరున్నారు? లోహం అలసిపోయి ఎప్పుడు తెగుతుందో తెలియదు, నేలకు తగిలి వంగితే చేతితో సరిచేసి మళ్లీ తిప్పే బుద్ధి పుడుతుంది, తెగితే కత్తిలా పోతుంది. అంతర్జాతీయ పోటీల నియమాల్లో పూర్తి లోహపు రెక్కలు నిషిద్ధం. కాబట్టి అల్యూమినియం పట్టీ కోసి రెక్క చేద్దామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే (మా హాస్టల్లో ఒకరికి ఉండేది) దయచేసి ఇక్కడే వదిలేయండి.

చెక్క గురించి నాకు మమకారం ఉంది గనుక కొంచెం ఎక్కువే రాస్తాను. బరువుతో పోల్చి గట్టిదనం చూస్తే చెక్క మనం అనుకున్నంత వెనుకబడినది కాదు. యంగ్ గుణకాన్ని సాంద్రతతో భాగించి చూడండి. టేకు గుణకం సుమారు 12 గిగాపాస్కల్, సాంద్రత నీటిలో 0.65 వంతు, అంటే 18 దాకా వస్తుంది. నారలన్నీ ఒకే దిక్కున పరచిన గాజునార మిశ్రమానికి 40ని సుమారు 2తో భాగిస్తే 20. రెండూ దాదాపు సమానం! అదే కార్బన్ నారకు సుమారు 130ని 1.6తో భాగిస్తే 80 దాటుతుంది. సాధారణ ఏబీఎస్ ప్లాస్టిక్కుకు 2 మాత్రమే. అడవిలో పెరిగిన చెట్టు, ఫ్యాక్టరీలో గాజు కరిగించి తీసిన నారతో సరితూగడం చూసి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే కొనుక్కొనే చెక్క రెక్క, మా తాత చేసిన రెక్క ఒకటి కాదు. దాని ముందు అంచు గట్టి, బరువైన చెక్క. వెనుక భాగం బాల్సా లాంటి తేలిక చెక్క. మొదట్లో రెండు వైపులా ప్లైవుడ్డో ప్లాస్టిక్కో బిళ్లలు అతికించి బోల్టు బలాన్ని ఎక్కువ చోటుకు పంచుతారు. మొత్తానికి ఒక పలుచని ప్లాస్టిక్కు పొరను వేడిచేసి బిగిస్తారు. ముందు అంచు బరువుగా ఉండటానికి ఒక కారణం ఉంది. గాలి రెక్కను ఎత్తే బలం, వెడల్పులో ముందు నుంచి పావు వంతు దగ్గర పని చేస్తుంది. రెక్క గరిమనాభి కూడా వీలైనంత దానికి దగ్గరగానో, ముందుగానో ఉండాలి. వెనుక ఉంటే, గాలి ముందుభాగాన్ని ఎత్తుతుంది, బరువు వెనుకభాగాన్ని వెనక్కి గుంజుతుంది, రెక్క మెలిపడి వణకడం మొదలవుతుంది. ఒకే టేకు ముక్కతో చేసిన నా రెక్క గరిమనాభి ముందు నుంచి 42 శాతం దగ్గర ఉంది. బోల్టు దగ్గర చీలకపోయినా గాలిలోకి లేచాక ఇంకో రకంగా నన్ను ముంచి ఉండేది.

మన ప్రాంతపు చెక్కల్లో కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి బెండులా తేలిక. దాన్ని వెనుక భాగానికి వాడొచ్చని నాకు తోచింది. ఒక ముక్క సంపాదించి గోటితో నొక్కితే గుంట పడింది. బొమ్మకు చాలా బాగుంటుంది, రంగు చక్కగా పడుతుంది. రెక్కకు మాత్రం ఒక్కటే పనికిరాదు, గట్టి చెక్క వెనుక అతికి పైన పొర వేస్తేనే నిలుస్తుంది. వెదురు ఇంకా ఆసక్తికరం. అది ప్రకృతి చేసిన మిశ్రమ పదార్థం. బయటి తొక్క దగ్గర నార చిక్కగా, లోపలికి పోయే కొద్దీ పలుచగా ఉంటుంది. ముందు అంచులో ఒక వెదురు బద్ద పెట్టి చూడాలని నా కోరిక, ఇంకా చేయలేదు.

చెక్కకు మన వాతావరణం పెద్ద శత్రువు. మే నెలలో చౌటుప్పల్‌లో గాలి ఎండిపోయి గడపలు కూడా నెర్రెలు విచ్చుతాయి. శ్రావణం వచ్చేసరికి అదే గడప ఉబ్బి తలుపు పట్టదు. రెక్కా అంతే. పై పొర ఒక్కచోట చిరిగితే ఆ ఒక్క రెక్క తేమ పీల్చి బరువెక్కుతుంది. తేడా అర గ్రామే కావచ్చు. కొన దగ్గర అర గ్రాము తేడా ఉంటే 2,600 చుట్ల దగ్గర 13 న్యూటన్ల బలం, సెకనుకు 43 సార్లు, యంత్రాన్ని అటూ ఇటూ గుంజుతుంది. స్క్రూలు వాటంతట అవే వదులవడం అట్లానే మొదలవుతుంది.

ప్లాస్టిక్కు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చేతిలో పట్టే చిన్న హెలికాప్టర్లకు, ఇంట్లో ఎగరేసేవాటికి అదే సరైనది. గోడకు తగిలితే వంగి ఊరుకుంటుంది. మెత్తదనం అక్కడ గుణం. పెద్దదానికి పనికిరాదు. కారులో ఎండకు వదిలితే మెల్లగా వంగి అట్లాగే ఉండిపోతుంది.

ఇక కార్బన్. ఈ పేరు వింటే మన హైదరాబాదు గుర్తుకు రావాలి. అగ్ని క్షిపణి కోసం తయారు చేసిన తేలిక పదార్థంతో, పోలియో వచ్చిన పిల్లలకు మూడు కేజీల ఇనుప కాలిపట్టీల స్థానంలో 300 గ్రాముల పట్టీలు చేసిచ్చిన సంగతిని అబ్దుల్ కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు ఆయన ప్రయోగశాల చూడటానికి వచ్చి ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూడటంతో అది మొదలైందట. మా ఊరికి దూరం కాని ఆదిభట్లలో 2018 నుంచి అపాచీ హెలికాప్టరు దేహాలు తయారవుతున్నాయి. బస్సులో ఔటర్ రింగు రోడ్డు దాటినప్పుడల్లా నేను అటువైపు చూస్తాను.

కార్బన్ రెక్కలో నార ఏ దిక్కున పరచాలన్నదే అసలు విద్య. ఈ పాఠం నాకు చెప్పింది ఒక నేతపనివారు. చౌటుప్పల్ మండలంలోనే కొయ్యలగూడెం ఉంది. పోచంపల్లి, పుట్టపాక లాగే అదీ చిటికి చీరలు నేసే ఊరు. అక్కడ నా మిత్రుని తండ్రి మగ్గం మీద ఉండగా పోయాను. ఆయనను నేను మామా అని పిలుస్తాను. గాజునార గుడ్డ ముక్క ఒకటి చూపించి ఇది ఎట్లా కోయాలో తెలియడం లేదన్నాను. ఆయన ఒక నూలు గుడ్డ తీసుకొని పడుగు వెంట పట్టి గుంజాడు. సాగలేదు. పేక వెంట గుంజాడు. సాగలేదు. మూలకు మూల పట్టి గుంజేసరికి గుడ్డ పట్టీలా సాగింది. "చూసినవా అల్లుడా, దారం ఎటుంటె అటే బలం. దారం లేని దిక్కు గుడ్డ లేనట్టే" అన్నాడు. మన డిజైన్ క్లాసులో రెండు వారాలు చెప్పిన సంగతి అది.

రెక్కకు దాన్ని అన్వయిస్తే, పొడవు వెంట పరచిన నార అపకేంద్ర బలాన్ని మోస్తుంది. అయితే ఒక్క ఆ దిక్కునే పరిస్తే రెక్క తడిగుడ్డలా మెలిపడుతుంది. మెలిని ఆపాలంటే 45 డిగ్రీల ఏటవాలుగా, అటూ ఇటూ రెండు దిక్కుల్లో నార ఉండాలి. మంచి రెక్కలో లోపల పొడవు నార, పైన ఏటవాలు గుడ్డ, నడుమ తేలికైన నురుగు, ముందు అంచులో బరువు కడ్డీ ఉంటాయి. పైకి నల్లగా మెరిసే నేత చూసి కొనకూడదు. నేత అందం కోసం, పని లోపలి నారది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రెక్క అసలు ఎంత గట్టిగా ఉండాలి? ముప్పావు కేజీ హెలికాప్టరు గాలిలో నిలబడితే ఒక్కో రెక్క ఎత్తేది 375 గ్రాముల బరువు, అంటే 4 న్యూటన్ల లోపు. అదే రెక్కను బయటికి లాగే బలం 400 పైచిలుకు. అందువల్ల తిరిగే రెక్క పైకి వంగేది అర డిగ్రీ మాత్రమే. దాన్ని నిటారుగా నిలబెట్టేది పదార్థం గట్టిదనం కంటే తిరుగుడే. ఇది తెలిశాక నాకు కార్బన్ మోజు సగం తగ్గింది. పల్టీలు, తలకిందుల విన్యాసాలు చేసేవాడికి మాట వేరు. గట్టిగా మలిపినప్పుడు మెత్తని రెక్క కిందికి వంగి తోక గొట్టాన్ని కొట్టగలదు, మెలిపడి మాట వినకపోగలదు. అట్లాంటి వారికి కార్బన్ తప్పదు. ఇంకా నేర్చుకునే దశలో ఉన్నవాడు నేలకు కొడితే కార్బన్ రెక్క ఆ దెబ్బను దాచుకోదు, ఇరుసుకు, పళ్లచక్రాలకు పంపిస్తుంది. చెక్క రెక్క తాను విరిగి యంత్రాన్ని బతికిస్తుంది. గాజునార ఈ రెండింటికీ మధ్య మనిషి. కొంచెం బరువు, కొంచెం వంగుతుంది, చిన్న దెబ్బలకు ఓర్చుకుంటుంది, తేమ లెక్కచేయదు.

కార్బన్‌లో ఇంకో చిక్కు ఉంది. చెక్కకు నెర్రె పడితే కనబడుతుంది. కార్బన్ పొరలు లోపల విడిపోయినా పైకి మెరుస్తూనే ఉంటుంది. గోటితో గాని నాణెంతో గాని కొసనుంచి మొదలు దాకా తట్టుకుంటూ రావాలి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అట్లా. ఒకచోట మోత మొద్దుబారితే ఆ రెక్క పని అయిపోయింది. ఇంట్లో మామూలు ఎపాక్సీతో స్వయంగా పోసుకునేవాళ్లకు మరో హెచ్చరిక. గది వేడికే గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. మే నెల మధ్యాహ్నం నల్లని రెక్కను ఎండలో పెడితే దాని ఒంటి వేడి అంతకు దాటుతుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.

పెద్ద తరగతులకు పోవాలనుకునే మిత్రులకు ఒక్క లెక్క చెప్పి ముగిస్తాను. 600 మి.మీ. రెక్క సుమారు 120 గ్రాములు ఉంటుంది. నిమిషానికి 2,000 చుట్ల దగ్గర దాని బోల్టు మీద 190 కేజీల లాగుడు పడుతుంది. యాభై కేజీల బస్తాలు నాలుగు అనుకోండి. కొన వేగం గంటకు 500 కిలోమీటర్లు. ఒక్క రెక్కలో నిండే శక్తి, కేజీ రాయిని పదునాలుగు అంతస్తుల మీది నుంచి వదిలినంత. ఇంట్లో చేసిన రెక్క ఆ యంత్రానికి పెట్టడం గురించి నేనిక మాట్లాడను.

మేము చివరికి ఏం చేశామంటే, మళ్లీ డబ్బులు వేసుకొని గాజునార జత కొన్నాం. వంగిన ఇరుసు మార్చాం. వేగం 2,200కు తగ్గించాం, దానివల్ల బోల్టు మీది బలం నాలుగో వంతుకు పైగా తగ్గింది. బిగించే ముందు రెండు రెక్కల గరిమనాభులు పెన్సిలు మీద నిలబెట్టి గుర్తు పెడతాం. తేడా ఉంటే కొన దగ్గర టేపు చుట్టి ముందు గరిమనాభులు కలుపుతాం, ఆ తర్వాత తక్కువ బరువున్న దానికి సరిగ్గా గరిమనాభి దగ్గరే టేపు చుట్టి బరువు కలుపుతాం. ఈ వరస తారుమారైతే రెండుసార్లు చేయాల్సి వస్తుంది. కొత్త రెక్క మొదటిసారి తిప్పేటప్పుడు మనిషి ముప్పై అడుగుల దూరంలో, రోటరు తలం నుంచి తప్పుకొని గోడ చాటున ఉంటాడు. పిల్లలు ఇంట్లో ఉంటారు, తలుపుకు గడియ పెడతాం. ఎగరేసేది గుట్ట పక్క బీడులో, రహదారికీ ఇళ్లకూ దూరంగా, 2021 డ్రోన్ నిబంధనలు ఒకసారి చదువుకొని.

వడ్ల తాతకు ఆ చీలిన ముక్క చూపించాను. ఆయన రంధ్రం దగ్గర వేలు పెట్టి చూసి, "నువ్వు నాగలి లెక్కన తిరుగుతదంటె దీనికి ఇనుప పట్టీ ఏస్తుంటి గద. ఫ్యాను అంటివి" అన్నాడు. మిగిలిన రెండో రెక్క, సీసంతో సహా, వర్క్‌షాపులో నా అరలో ఉంది. చీలిన దాని మొదలు కూడా దాచాను. లెక్కలు సరిచూడాలనుకునే జూనియర్లు, లెక్చరర్లు మధ్యాహ్నం మూడు దాటాక వస్తే తీసి చూపిస్తాను. రంధ్రం వెనుక నార ఎట్లా లేచిందో భూతద్దంతో బాగా కనబడుతుంది.